ల్యాబ్‌లో వైరస్ ఆగిందట, మాత్ర మానేయొచ్చా?

మీ ప్రశ్నలు, నెల్లూరు మైక్రోబయాలజీ మేడమ్ జవాబులు

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. మాది కందుకూరు దగ్గర పల్లె. మా తమ్ముడు లారీ మీద పోయేవాడు. హెచ్ఐవీ ఉందని తెలిసినప్పటి నుంచి ఏఆర్‌టీ సెంటర్‌లో ఇచ్చే మాత్ర వేసుకుంటున్నాడు, ఆరోగ్యంగానే ఉన్నాడు. ఈమధ్య ఎవరో చెప్తే ఉదయగిరి వైపు కొండమూలికలతో కషాయం కాచి ఇచ్చే ఆయన దగ్గరికి పోయొచ్చాడు. నయమవుతుందని నోటితో చెప్తాడే గానీ రాసివ్వడు, ఒక ల్యాబ్ రిపోర్టు మాత్రం చూపిస్తున్నాడు. కషాయం హెచ్ఐవీ ఎంజైమ్‌ని 90 శాతం పైగా ఆపిందని అందులో ఉంది. తమ్ముడు మాత్ర మానేసి కషాయం తాగుతానని పట్టుబట్టాడు. రిపోర్టు జిరాక్స్ పంపిస్తున్నాను. దాన్ని నమ్మొచ్చా?
— పేరు వద్దన్న పాఠకుడు, కందుకూరు

జవాబు: మిగతాది తర్వాత చదువుకోండి, ముందు ఈ ముక్క మీ తమ్ముడికి చెప్పండి. మాత్ర ఒక్కరోజు కూడా ఆపొద్దు. ఆపితే రక్తంలో కనపడకుండా అణిగి ఉన్న వైరస్ వారాల్లోనే మళ్ళీ లేస్తుంది. ఆపుతూ మొదలుపెడుతూ ఉంటే మందుకు లొంగని రకం తయారయ్యే ప్రమాదం కూడా ఉంది.

ఇక రిపోర్టు. అది దొంగ రిపోర్టని నేననను. ఆ 90 శాతం నిజమే అయ్యుండొచ్చు. అయితే ఆ పరీక్ష దేని మీద చేశారో మీరు పంపిన కాగితంలోనే పై వరుసలో ఉంది: రివర్స్ ట్రాన్స్‌క్రిప్టేజ్ ఎంజైమ్ (వైరస్ తన ఆర్ఎన్ఏని డీఎన్ఏగా నకలు తీసుకునేది దీనితోనే), కణాలు లేని పద్ధతి. చిన్న ప్లాస్టిక్ గుంటలో విడిగా తయారుచేసిన ఎంజైమ్ పోస్తారు. అది చదివి నకలు తియ్యడానికి ఒక ఆర్ఎన్ఏ ముక్క, కట్టుకోవడానికి ముడిసరుకు వేస్తారు. కషాయం కలిపాక నకలు ఎంత తగ్గిందో చూస్తారు. ఆ గుంటలో వైరస్ లేదు, రక్తకణం లేదు, మనిషి అసలే లేడు.

ఇలాంటి పరీక్షలో కషాయాలు పాసవడం మామూలే. కరక్కాయ, తుమ్మచెక్క, తంగేడు చెక్క లాంటి వాటిలో టానిన్లు దండిగా ఉంటాయి. తోళ్లు పదును చెయ్యడానికి తంగేడు చెక్క వాడేది అందుకే, టానిన్ ప్రోటీన్‌ని గట్టిగా పట్టేస్తుంది. ఎంజైమ్ కూడా ప్రోటీనే. హెచ్ఐవీ ఎంజైమ్ అయినా, మన ఒంట్లో మంచి పని చేసే ఎంజైమ్ అయినా టానిన్‌కి ఒకటే. అందుకే మూలికల మీద పని తెలిసినవాళ్ళు ముందు టానిన్లు తీసేసి, ఆ తర్వాత పరీక్ష చేస్తారు. మీ రిపోర్టులో తీసేసినట్టు ఎక్కడా లేదు.

ఇంకో సంగతి వింటే మీకే నవ్వొస్తుంది. హెచ్ఐవీకి ప్రపంచంలో మొట్టమొదట అనుమతి వచ్చిన మందు ఏజడ్‌టీ, 1987లో. దాన్ని ఉన్నదున్నట్టు ఈ ఎంజైమ్ గుంటలో వేస్తే ఏమీ చెయ్యదు. ఎందుకంటే అది కణం లోపలికి పోయి, అక్కడ మూడు ఫాస్ఫేట్లు తగిలించుకున్నాకే మందుగా మారుతుంది. అంటే ఆ ఒక్క పరీక్షతోనే తీర్పు చెప్పి ఉంటే, ఎందరికో ప్రాణం పోసిన మందు ఫెయిలయ్యేది, కరక్కాయ నీళ్ళు ఫస్ట్ క్లాసులో పాసయ్యేవి!

మూలికలంటే నాకు చులకన లేదు. నేలవేములోని ఆండ్రోగ్రాఫోలైడ్‌ని అమెరికాలో నిజంగానే హెచ్ఐవీ ఉన్నవాళ్ళకిచ్చి చూశారు. ఆ ఫలితాలు 2000లో అచ్చయ్యాయి. రక్తంలో వైరస్ చెప్పుకోదగ్గట్టు తగ్గలేదు. ఒకరికి తీవ్రమైన ఎలర్జీ సహా దుష్ఫలితాలు రావడంతో ప్రయోగాన్ని మధ్యలోనే ఆపేశారు. మూలికకైనా మాత్రకైనా అసలు పరీక్ష అదే, మనిషి రక్తంలో వైరస్ తగ్గిందా లేదా అని. ఆ కషాయం వల్ల ఒక్కరికైనా వైరల్ లోడ్, అంటే రక్తంలో వైరస్ లెక్క, తగ్గిన కాగితం చూపించమని అడగండి.

మాత్ర వేసుకుంటూనే పక్కన కషాయం తాగుతానన్నా ఊరుకోకండి. ఇప్పుడు ఎక్కువమందికి ఇచ్చేది టీఎల్‌డీ: టెనోఫోవిర్ 300, లామివుడిన్ 300, డోలుటెగ్రావిర్ 50 మిల్లీగ్రాములు, మూడూ ఒకే మాత్రలో. డోలుటెగ్రావిర్‌ని ఇనుము, కాల్షియం, మెగ్నీషియం లాంటివి కడుపులోనే పట్టుకుని ఒంటికి పట్టనివ్వవు. కషాయంలో ఏ భస్మం కలిపారో మనకేం తెలుసు? గ్యాస్ సిరప్ తాగినా, ఐరన్ మాత్రలు వేసుకున్నా ఏఆర్‌టీ సెంటర్‌లో చెప్పి వేళలు మార్పించుకోవాలి.

చివరిగా చట్టం సంగతి. డ్రగ్స్ రూల్స్‌లో షెడ్యూల్ జె అని ఒకటుంది. ఫలానా జబ్బుల్ని నయం చేస్తాం, రాకుండా ఆపుతాం అని ఏ మందూ చెప్పుకోకూడదని అందులో జాబితా ఇచ్చారు. ఎయిడ్స్ ఆ జాబితాలో ఉంది. ఆయన నోటితో చెప్పి, కాగితం మీద రాసివ్వకపోవడానికి కారణం మీకు అర్థమయ్యే ఉంటుంది.

ప్రశ్న: మేడమ్, నేను కావలిలో ఎంఎస్సీ చదువుతున్నాను. హెచ్ఐవీ మందుల్ని ల్యాబ్‌లో పరీక్షించే పద్ధతుల మీద సెమినార్ ఇవ్వాలి. ఒకే మందుకి ఒక పేపర్లో ఒక ఈసీ50, ఇంకో పేపర్లో దానికి పదింతలు ఉంది. ఎంటీటీ, పీ24, టీజడ్‌ఎమ్-బీఎల్, వీటిలో ఏది కరెక్ట్? మా కాలేజీలో ఏదైనా చేసి చూపించగలమా? చాలా టెన్షన్‌గా ఉంది.
— ఎంఎస్సీ విద్యార్థిని, కావలి

జవాబు: టెన్షన్ ఎందుకమ్మాయ్, పేపర్లు పక్కపక్కన పెట్టి చూశావంటేనే సగం సెమినార్ అయిపోయినట్టు. ఏది కరెక్ట్ అని అడగొద్దు. ఏ పరీక్ష దేన్ని కొలుస్తోందో, దేన్ని చూడలేదో అడుగు. ఎంజైమ్ పద్ధతి గురించి పైన కందుకూరు ఆయనకి రాశాను, అది కూడా చదువు.

ఎంటీటీతో మొదలుపెడదాం. ఇది వైరస్‌ని కొలవదు, బతికున్న కణాల్ని కొలుస్తుంది. 1988లో బెల్జియంలోని లూవెన్‌లో, రేగా ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు ఎంటీ-4 అనే టీ కణాలతో దీన్ని హెచ్ఐవీ మందులకి సరిపడేలా దిద్దారు. ఎంటీ-4 కణాలకి వైరస్ సోకితే అయిదు రోజుల్లో దాదాపు అన్నీ చస్తాయి. మందు పనిచేస్తే బతుకుతాయి. చివర్లో పసుపుపచ్చ ఎంటీటీ పోస్తే బతికున్న కణాలు దాన్ని ఊదారంగు ఫార్మజాన్‌గా మారుస్తాయి. మైక్రోస్కోప్ కింద పెట్టి చూడు, ప్రతి కణం చుట్టూ సన్నటి ఊదా సూదులు గుత్తుగా పొడుచుకుని కనిపిస్తాయి. ఆ సూదుల్ని కరిగించి రంగు కొలవాలి. సరిగా కరగకపోతే పక్కపక్క గుంటలకే పొంతన ఉండదు. ఆ కరిగించే బాధ తప్పించడానికే తర్వాత అమెరికా నేషనల్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు ఎక్స్‌టీటీ వాడారు, దాని రంగు నీళ్ళలోనే కరుగుతుంది.

ఈ పద్ధతిలో నాకు నచ్చేది ఏంటంటే, అదే ప్లేటులో వైరస్ లేని గుంటలకి కూడా మందు వేస్తే విషప్రభావం కూడా తెలిసిపోతుంది. సగం కణాల్ని కాపాడే మోతాదు ఈసీ50, సగం కణాల్ని చంపే మోతాదు సీసీ50. రెండోదాన్ని మొదటిదానితో భాగిస్తే వచ్చేది సెలెక్టివిటీ ఇండెక్స్. ఒక మొక్క రసానికి ఈసీ50 25, సీసీ50 50 వచ్చాయనుకో. ఇండెక్స్ 2. అంటే కణాన్ని కాపాడే మోతాదుకీ చంపే మోతాదుకీ మధ్య సందే లేదన్నమాట. పేపర్లో ఈసీ50 ఒక్కటే రాసి సీసీ50 రాయకపోతే ఆ పేపర్ మూసెయ్. కటువుగా ఉందేమో గానీ నా పద్ధతి అంతే.

ఎంటీటీలో మొక్క రసాలు పెట్టే చిక్కు ఒకటి ఉంది. పాలీఫినాల్స్ ఎక్కువుంటే కణం ఒక్కటి లేకపోయినా రసమే నేరుగా ఎంటీటీని ఊదారంగుకి మార్చేస్తుంది. కణాలన్నీ చచ్చి ఉంటాయి, మెషిన్ మాత్రం అన్నీ బతికే ఉన్నాయంటుంది. అందుకే కణాలు లేకుండా రసం, ఎంటీటీ మాత్రమే వేసిన గుంటలు తప్పకుండా ఉండాలి. ఇంకా, 96 గుంటల ప్లేటులో అంచు గుంటలు అయిదు రోజుల్లో ఆరిపోతుంటాయి. వాటిలో పరీక్ష పెట్టకుండా ఉత్త నీళ్ళో బఫరో పోసి వదిలెయ్యడం మంచి అలవాటు.

పీ24 ఎలైసా (యాంటీబాడీలతో ప్రోటీన్‌ని పట్టి కొలిచే పరీక్ష) వేరే ప్రశ్న అడుగుతుంది. పీ24 అంటే వైరస్ లోపలి పెంకు ప్రోటీన్. కణాల పైనున్న ద్రవం తీసి అందులో ఆ ప్రోటీన్ ఎంతుందో చూస్తాం. ఇక్కడ కణాలు చావాల్సిన పనిలేదు. కాబట్టి దాతల రక్తం నుంచి తీసిన తెల్లకణాల్లో, అంటే పీబీఎంసీల్లో, రోగుల నుంచి వచ్చిన అసలు వైరస్‌తోనే చెయ్యొచ్చు. మనిషి ఒంటికి దగ్గరగా ఉండే పద్ధతి ఇదే, విసిగించేదీ ఇదే. కణాల్ని ముందు పీహెచ్ఏతో లేపాలి, ఐఎల్-2 పోసి పెంచాలి, వారం ఆగాలి. ఒక దాత కణాల్లో వైరస్ ఎగిరెగిరి పెరుగుతుంది, ఇంకొకరి కణాల్లో నీరసంగా ఉంటుంది. ఎలైసా రీడింగ్ ఒక స్థాయి దాటితే పైకి పోదు, కాబట్టి నమూనాని పల్చన చేసి మళ్ళీ పెట్టాలి. ఖర్చు చెప్పక్కర్లేదు.

ఈ కష్టం పడకపోతే ఏమవుతుందో చరిత్రలో ఉంది. వైరస్ మన కణాన్ని పట్టుకునేది దాని మీదున్న సీడీ4 ప్రోటీన్‌తో. దాన్నే విడిగా తయారుచేసిన సాల్యుబుల్ సీడీ4 ల్యాబ్‌లో ఏళ్ల తరబడి పెంచిన వైరస్‌ని బ్రహ్మాండంగా ఆపింది. రోగుల దగ్గర తీసిన వైరస్ మీద పెడితే చాలా ఎక్కువ మోతాదు కావాల్సి వచ్చిందని 1990లో తేలింది. ల్యాబ్ రకం మెతకబడ్డ వైరస్, బయట తిరిగేది మొండిది.

ఇప్పుడందరూ వాడే టీజడ్‌ఎమ్-బీఎల్ సంగతి. ఇవి హీలా అనే, ల్యాబ్‌లో ఎడతెగక పెరిగే మనిషి క్యాన్సర్ కణాల నుంచి తయారుచేసినవి. వైరస్ లోపలికి దూరి టాట్ అనే ప్రోటీన్ తయారుచేసిందంటే చాలు, మిణుగురు పురుగు నుంచి తెచ్చిన లూసిఫెరేజ్ జన్యువు పనిచేసి వెలుగొస్తుంది. రెండు రోజుల్లో అయిపోతుంది, అంకెలు శుభ్రంగా వస్తాయి, మనిషికి మనిషికి తేడా ఉండదు. వందల పదార్థాల్ని వడకట్టాలంటే దీనికి సాటి లేదు. కానీ వెలుగొచ్చేది టాట్ దశలో. ప్రోటియేజ్ అనే వైరస్ ఎంజైమ్‌ని ఆపే మందులు పనిచేసేది అది దాటాక, కొత్త వైరస్ పండే దశలో. నేరుగా ఈ కణాల మీద వైరస్, మందు కలిపి ఒక్క రౌండే చూస్తే లోపినావిర్ లాంటి మందు కూడా ఏమీ చెయ్యనట్టే కనిపిస్తుంది. దాన్ని పట్టాలంటే వేరే కణాల్లో మందు సమక్షంలో వైరస్‌ని తయారుచేసి, ఆ వైరస్‌ని వీటి మీద వెయ్యాలి. లూసిఫెరేజ్‌నే అడ్డుకునే పదార్థాలు కూడా ఉంటాయి, అవి వైరస్‌ని ముట్టకుండానే మందులా నటిస్తాయి.

ఇంక నీ సెమినార్‌లో నేనైతే ఎక్కువసేపు చెప్పే పద్ధతి టైమ్ ఆఫ్ అడిషన్, అంటే మందు వేసే వేళని మార్చి చూడటం. రేగా వాళ్ళదే ఇదీ. వైరస్‌ని అన్ని గుంటల్లో ఒకేసారి వేస్తారు, మందు మాత్రం గంట గంటకీ ఒక్కో గుంటలో వేస్తూ పోతారు. గూడూరు నుంచి బయల్దేరిన రైలుని కావలి స్టేషన్లో ఆపాలంటే అది కావలి దాటకముందే నువ్వు అక్కడుండాలి కదా, ఇదీ అంతే. వైరస్ కణంలోకి దూరకుండా ఆపే మందు మొదటి గంటలోపే పడాలి. ఏజడ్‌టీకి సుమారు మూడు నాలుగు గంటలు గడువు. ప్రోటియేజ్ మందుని పదిహేడో గంటకి వేసినా పనిచేస్తుంది. ఏ గంట తర్వాత వేస్తే మందు పనికిరాకుండా పోయిందో చూస్తే, అది వైరస్‌ని ఏ దశలో పట్టుకుంటుందో తెలుస్తుంది.

దీని విలువ ఇంటిగ్రేజ్ కథలో కనిపిస్తుంది. వైరస్ డీఎన్ఏని మన కణం డీఎన్ఏలో అతికించే ఎంజైమ్ ఇది. ఎల్-చికోరిక్ యాసిడ్ అనే పదార్థం ఎంజైమ్ గుంటలో ఇంటిగ్రేజ్‌ని చక్కగా ఆపింది, కణాల్లో వైరస్‌ని కూడా ఆపింది. ఇంకేముంది, ఇంటిగ్రేజ్ మందు దొరికిందనుకున్నారు. తీరా టైమ్ ఆఫ్ అడిషన్ పెట్టి చూస్తే అది ఆపుతున్నది వైరస్ కణంలోకి దూరేటప్పుడే! ఇంటిగ్రేజ్ దాకా పోనేలేదు. రెండు పరీక్షల్లో రెండు వేర్వేరు కారణాలకి పాసైందన్నమాట. ఆ పేరు మన ఫిల్టర్ కాఫీలో కలిపే చికోరీ మొక్క నుంచి వచ్చిందే. అలాగని ఎవరూ కాఫీ డోసు పెంచకండి, కప్పులో కాఫీకి ఈ కథతో ఏ సంబంధమూ లేదు. తర్వాత మెర్క్ కంపెనీ వాళ్ళు పరీక్షనే మార్చారు. ఇంటిగ్రేజ్‌ని ముందే డీఎన్ఏ మీద కూర్చోబెట్టి, ఆ తర్వాతి అడుగుని ఆపేదేంటని వెతికారు. 2000లో ఆ వరస పదార్థాలు బయటపడ్డాయి, 2007లో రాల్టెగ్రావిర్ వచ్చింది. పైన చెప్పిన డోలుటెగ్రావిర్ అదే కుటుంబం. పరీక్షని సరిగ్గా కట్టుకుంటేనే మందు దొరికింది.

నీ పదింతల తేడాకి వస్తే, వైరస్ ఎంత పోశారు, ఎన్ని రోజులుంచారు, ఏ కణాలు వాడారు, సీరమ్ ఎంత శాతం అని ఆ రెండు పేపర్ల పద్ధతుల భాగంలో చూడు. వైరస్ ఎక్కువ పోస్తే ఎక్కువ మందు కావాలి. ఏజడ్‌టీ చురుగ్గా విభజన చెందే కణాల్లో బాగా మారుతుంది, నిద్రపోయే కణాల్లో అంతగా మారదు. ప్రోటియేజ్ మందుల్ని మనిషి సీరమ్‌లోని ప్రోటీన్లు పట్టేసుకుంటాయి, సీరమ్ పెంచితే ఈసీ50 పెరుగుతుంది. టెనోఫోవిర్ ఉన్నదున్నట్టు వేస్తే కణంలోకి సరిగా పోదు. మాత్రలో ఇచ్చే డైసోప్రాక్సిల్ రూపంలో వేస్తే చాలా తక్కువ మోతాదే చాలు. రెండు పేపర్లలో ఏ రూపం వాడారో కూడా చూసుకో. అందుకే ఏ ప్లేటులోనైనా తెలిసిన మందు ఒకటి పక్కన పెడతారు. దానితో పోల్చి చెప్పిన అంకెకే విలువ.

కణాల్ని కాపాడినా మనుషుల్ని కాపాడని మందులు కూడా సెమినార్‌లో చెప్పు. నానాక్సినాల్-9 ల్యాబ్‌లో వైరస్‌ని నిమిషాల్లో చంపేది. ఆడవాళ్ళకి జెల్‌గా ఇస్తే లోపలి పొరని దెబ్బతీసి ఇన్ఫెక్షన్లు పెంచిందని 2000లో తేలింది. సెల్యులోజ్ సల్ఫేట్ జెల్ కూడా ల్యాబ్‌లో దాదాపు అన్ని పరీక్షలూ పాసైంది. మన దేశంతో సహా కొన్ని దేశాల్లో జరుగుతున్న దాని ప్రయోగాన్ని 2007 జనవరిలో ఆపేశారు. కణాల ప్లేటులో తేమ పొర ఉండదు, పుండు ఉండదు, రోజుల తరబడి తగ్గుతూ పోయే మోతాదు ఉండదు. ఇప్పుడు అలాంటి జెల్‌లని మనుషుల దాకా తెచ్చే ముందు పొర కణజాలం ముక్కల మీద కూడా చూస్తున్నారు.

కాలేజీలో చెయ్యొచ్చా అన్నావు. బతికున్న హెచ్ఐవీతో వద్దు, దానికి బీఎస్‌ఎల్-3, అంటే మూడో స్థాయి రక్షణ ఏర్పాట్లున్న ల్యాబ్ కావాలి. ఒక్క రౌండ్ మాత్రమే సోకి మళ్ళీ పెరగలేని సూడోవైరస్‌లు ఉన్నాయి, వాటిని బీఎస్‌ఎల్-2లో చేస్తారు. అందుకైనా కల్చర్ రూమ్, అనుమతులు, చెయ్యి తిరిగిన గైడ్ ఉండాలి. సెమినార్‌కి మాత్రం వైరస్ అక్కర్లేదు. కరక్కాయ రసం చేసి, కణాల్లేకుండా ఎంటీటీలో పోసి, ఊదారంగు ఎలా వస్తుందో క్లాసులో చూపించు. మీ పిల్లకాయలు ఆ ప్లేటుని మర్చిపోరు. ప్రాజెక్టుగా చేద్దామనుకుంటే పుణేలో 1992లో మొదలైన, అందరూ నారీ అని పిలిచే ఐసీఎంఆర్ ఎయిడ్స్ పరిశోధన సంస్థకి గైడ్ ద్వారా రాయి.

ప్రశ్న: మందుల్ని ముందు ఎలుకల మీద చూస్తారంటారు. హెచ్ఐవీకి ఆ మాట వినపడదెందుకు?
— ఉపాధ్యాయుడు, పొదిలి

జవాబు: మామూలు ఎలుకకి హెచ్ఐవీ సోకదు మాస్టారూ. వైరస్ పట్టుకోవాల్సిన సీడీ4 ఎలుకలో వేరేగా ఉంటుంది, లోపలికి ఎలాగో పంపినా అక్కడ సరిగా పెరగదు. 1988 నుంచి మనిషి కణజాలం అమర్చిన ఎలుకల్ని వాడుతున్నారు. కోతుల్లో వాటి సొంత వైరస్ ఎస్ఐవీతోనో, రెండూ కలిపి తయారుచేసిన ఎస్‌హెచ్ఐవీతోనో చూస్తారు. రెండూ ఖరీదైనవే, అందుకే ప్లేటు మీద పరీక్షలకి ఇంత ప్రాధాన్యం.

ప్రశ్న: మేడమ్, నేను ల్యాబ్ టెక్నీషియన్‌ని. మా దగ్గర హెచ్ఐవీ సోకిందో లేదో చూసే ఫోర్త్ జనరేషన్ కిట్‌లో పీ24 కూడా కలిపి చూస్తాం. మందు వాడేవాళ్ళకి పీ24 లేదని వస్తే మందు పనిచేస్తున్నట్టేనా?
— ఒంగోలు

జవాబు: ప్రోటీన్ అదే, పని వేరు. కొత్తగా సోకినవాళ్ళలో యాంటీబాడీ రాకముందే పట్టుకోవడానికి కిట్‌లో పీ24 చేర్చారు. యాంటీబాడీలు పుట్టాక అవి పీ24ని కప్పేస్తాయి. మందులు వాడనివాళ్ళలో కూడా అప్పుడు లేదనే రావొచ్చు. పైగా యాంటీబాడీ ఉంటుంది కాబట్టి మందు ఎంత బాగా పనిచేస్తున్నా కిట్ పాజిటివ్ అనే చెప్తుంది, అది చూసి పేషెంట్లు భయపడుతుంటారు. మందు పనితనం తెలియాలంటే ఈడీటీఏ ట్యూబులో రక్తం తీసి వైరల్ లోడ్‌కి పంపాలి. అందులో మిల్లీలీటరుకి వెయ్యి కాపీలు దాటితే ముందు మాత్రలు సరిగ్గా వేసుకుంటున్నారో లేదో కౌన్సెలర్‌తో మాట్లాడించి, మళ్ళీ పరీక్ష చేసి, అప్పటికీ తగ్గకపోతే మందు మార్చే సంగతి డాక్టర్ చూస్తారు.